రోజూ 50 నిమిషాలు ఆలస్యంగా విచ్చేసే ఆటుపోట్ల వారికి

మహారాజశ్రీ ఆటుపోట్ల వారి దివ్యసముఖమునకు, బరంపురం చేపల బజారు నుంచి ఒక చిల్లర వర్తకుడు చేసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయవలసిన చోటు ఇది. రాయలేకపోతున్నాను. ఐసు కరిగిన నీళ్ళు ట్రాలీ ఆటోలోంచి ఇంకా కారుతూనే ఉన్నాయి.

ఛాడఖాయి ముందురోజు మధ్యాహ్నం బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తమరు మాకు చేసిన మర్యాద తలచుకుంటే ఒళ్ళు పులకరిస్తోంది. ఛాడఖాయి గురించి గంజాం జిల్లాలో పుట్టినవారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఒడియా లెక్కలో పౌర్ణమితో ముగిసే కార్తీకమంతా నోరు కట్టుకున్న ఊరు, చివరి ఐదు రోజుల పంచుకలో నీచు మాట కూడా ఎత్తని ఊరు, పౌర్ణమి వెళ్ళిన మరునాడు తెల్లవారకముందే సంచులు పట్టుకుని బజారు మీద పడుతుంది. పేరుకు అది ఒడియావారి ఆచారమే గానీ, ఆ రోజు మా తెలుగు వీధుల్లో నడిచిపోతే ఏ ఇంట్లో ఏ చేప పులుసు ఉడుకుతోందో కళ్ళు మూసుకుని చెప్పవచ్చు. మాకు ఏడాదికి అదొక్కటే రోజు. దసరా బట్టల అప్పు, పిల్లవాడి కాలేజీ ఫీజు, ఐసు ఫ్యాక్టరీ పాత బాకీ, అన్నిటికీ "ఛాడఖాయి కానివ్వండి" అనే చెప్పి ఉంటాం.

అందుకని పౌర్ణమినాడే మొగకు చేరుకున్నాం. పడవలు వచ్చాయి. కళ్ళెదుటే ఉన్నాయి. ఇసుక మేటకు అవతల, కేక వేస్తే వినపడే దూరంలో లంగరు వేసుకుని ఊగుతున్నాయి. వాటి నిండా చేప ఉంది. ఇవతల నా దగ్గర ఐసు ఉంది. మధ్యలో ఉండవలసిన తమరే లేరు.

"నీళ్ళు దిగిపోయాయి బాబూ, పోటు తిరిగేదాకా ఆగాలి" అన్నాడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలి తండేలు. ఎంతసేపు పడుతుంది తాతా అని అడిగాను. ఆయన సూర్యుణ్ణి చూడలేదు, ఫోను చూడలేదు. తెగిన కన్నులో దారం తిప్పి, పంటితో ముడి బిగించి, "నిన్న వచ్చిన వేళకు రెండు ఘడియలు కలుపుకో" అన్నాడు.

రెండు ఘడియలు. అంటే 48 నిమిషాలు. సైన్సు పుస్తకాల లెక్క ప్రకారం 50. అయ్యా, నా అభియోగమంతా ఆ 50 నిమిషాల మీదే.

ఏ ఆఫీసులోనైనా నిన్న తొమ్మిదింటికి వచ్చి, ఈరోజు పది గంటలు కావస్తుండగా వచ్చి, రేపు పదకొండుకు చేరువలో వచ్చే గుమాస్తాను ఎన్నాళ్ళు భరిస్తారు? తమరిని యుగాలుగా భరిస్తున్నాం. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ నడుమ 12 గంటల 25 నిమిషాలు. రోజుకు రెండుసార్లు హాజరు, రెండుసార్లూ ఆలస్యం. పోనీ ఆ ఆలస్యమైనా ఒక పద్ధతిగా ఉంటుందా? 50 నిమిషాలన్నది సగటు మాత్రమే. పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల అది ముప్పావుగంట లోపుకు తగ్గుతుంది, అష్టమి దగ్గర గంట దాటిపోతుంది. ఆలస్యంగా రావడంలో కూడా వేళ పాటించని ఉద్యోగిని మేము మిమ్మల్నే చూశాం.

తమరి ఆలస్యం తమరితో పోతే ఈ లేఖ రాయవలసిన అవసరమే ఉండేది కాదు. ఐసు ఫ్యాక్టరీవాడు తెల్లవారుజామున నాలుగింటికి గడ్డలు ఇస్తాడు, ఆ తర్వాత వెళితే తలుపు తీయడు. ట్రాలీ డ్రైవరు పూటకు ఇంత అని మాట్లాడుకుంటాడు, ఆ పూట ఆయన గడియారంలో మొదలై ఆయన గడియారంలోనే ముగుస్తుంది. బజారులో కొనేవాళ్ళు పొద్దున ఆఫీసుకు వెళ్ళేలోపే వస్తారు. లోకమంతా 24 గంటల రోజు గడుపుతుంటే, మేము ఒక కాలు అందులోనూ మరో కాలు తమరి 24 గంటల 50 నిమిషాల రోజులోనూ పెట్టుకుని నడుస్తున్నాం. మా ఆవిడ ఒక వారం రెండింటికి లేస్తుంది, ఇంకో వారం అయిదింటికి లేస్తుంది. మా ఇంట్లో అలారం పెట్టిన వేళకు మోగుతుంది, కానీ పెట్టిన వేళ ఏనాడూ నిన్నటిది కాదు. చుట్టాలు భోజనానికి పిలిస్తే ముందు తిథి అడిగి గానీ వస్తామని చెప్పం. మా చిన్నమ్మాయి బడిలో "మీ నాన్న ఇంటికి ఎప్పుడు వస్తారు?" అని టీచరమ్మ అడిగితే "చంద్రుణ్ణి అడగాలి" అందట. కవిత్వం చెబుతోందనుకుని ఆవిడ మెచ్చుకుంది.

కారణం తెలియక ఫిర్యాదు చేస్తున్నానని అనుకోవద్దు. అంతా ఆ చంద్రుడి వల్లే. భూమి తన చుట్టూ తాను ఒక చుట్టు పూర్తిచేసి నిన్నటి చోటుకు వచ్చేసరికి, ఆయన అక్కడ ఉండడు. తన కక్ష్యలో దాదాపు 12 డిగ్రీలు ముందుకు జరిగిపోయి ఉంటాడు. ఆయన్ను అందుకోవడానికి భూమి ఇంకో 50 నిమిషాలు తిరగాలి. ఆ 50 నిమిషాలూ నేను మొగ దగ్గర ఇసుకలో కూర్చోవాలి. సూర్యుడు అంత పెద్దవాడై ఉండి కూడా, దూరం వల్ల తమరి మీద ఆయన పట్టు చంద్రుడి పట్టులో సగానికి కాస్త తక్కువే. సూర్యుడిదే పైచేయి అయి ఉంటే రోజూ ఒకే వేళకు వచ్చేవారు, నా ఐసు నిలిచేది. గెలీలియో అంతటివాడు 1632లో తమరికీ చంద్రుడికీ సంబంధమే లేదని, భూమి కదలికల వల్ల సముద్రం కుండలో నీళ్ళలా తొణుకుతోందని వాదించాడు. న్యూటన్ 1687లో లెక్క తేల్చేదాకా తమరి గుట్టు సరిగా బయటపడలేదు. పడితే మాత్రం ఏమైంది? గుట్టు తెలిసినంత మాత్రాన పడవ మొగ దాటుతుందా?

ఇంకో సంగతి చెబుతాను, ఇది తెలిశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. తమరు అలా నీళ్ళను అటూ ఇటూ ఈడ్చే రాపిడికి భూమి తిరిగే వేగమే తగ్గిపోతోందట. రోజు నిడివి నూరేళ్ళకు సెకనులో వెయ్యో వంతో, రెండు వంతులో పెరుగుతోంది. చంద్రుడు కూడా ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరిగిపోతున్నాడు. ఆ సంగతి 1969లో చంద్రుడి మీద పెట్టి వచ్చిన అద్దాల మీదికి లేజర్ కొట్టి కొలిచారు. సుమారు 38 కోట్ల ఏళ్ళ కిందటి పగడాల శిలాజాల్లో రోజువారీ గీతలు లెక్కపెడితే ఏడాదికి 400 దాకా వచ్చాయి. అప్పటి రోజు 22 గంటలే మరి. అంటే తమరు ఆలస్యంగా రావడంతో ఆగక, నెమ్మదిగా భూగోళానికే ఆలస్యం అలవాటు చేశారన్నమాట. అలా రోజుకు కలిపిన ఆ రెండు గంటలనూ ఎక్కడ ఖర్చుపెట్టించాలో తెలియక మమ్మల్ని మొగ దగ్గర కూర్చోబెట్టి వసూలు చేసుకుంటున్నారని నా గట్టి అనుమానం.

తమరి రాకపోకల పట్టికను సర్వే ఆఫ్ ఇండియా వారు ఏటా అచ్చు వేస్తారు. గంటలతో, నిమిషాలతో. పూర్వం ఆ లెక్కలు కట్టడానికే 1879లో మన దేశపు రేవుల కోసం లండన్‌లో కప్పీలూ చక్రాలూ ఉన్న యంత్రం ఒకటి చేయించారు. అంత శ్రమపడి తయారుచేసిన పట్టికలో పెద్ద రేవులుంటాయి. మా మొగ ఉండదు. రేవు దగ్గర నీరు తిరిగిన తర్వాత, ఇసుక మేట మీదుగా పాకి, నది వంపు తిరిగి మా పడవ కిందికి వచ్చేసరికి ఎంతసేపు పడుతుందన్నది తండేలు మోకాలికి తెలుసు. నీళ్ళలో నిలబడి మోకాలు ఎంతవరకు తడిసిందో చూసుకుని చెబుతాడు. అచ్చు వేసేవారికి ఆయన మోకాలు అందుబాటులో లేదు.

అష్టమి దగ్గరైతే సూర్యచంద్రులు చెరోవైపు లాగి తమరు మెత్తబడతారు. పోటు పెద్దగా ఎక్కదు, ఆటు పెద్దగా దిగదు, రెండు మూడు రోజులు మనుషుల్లో మనిషిలా ఉంటారు. కానీ అష్టమినాడు మేము ఏ మంచిపనీ మొదలుపెట్టం కదా! పెళ్ళిళ్ళు, పండుగలు, జాతరలు అన్నీ తమరు రెచ్చిపోయే పౌర్ణమికీ, దాని చుట్టుపక్కలకీ పెట్టుకున్నాం. అసలు ఉద్ధృతి పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు గానీ ముదరదు, అంటే సరిగ్గా ఛాడఖాయి వేళకు. ఈ ముహూర్తాలు ఎవరు పెట్టారో గానీ, వారు చేపలమ్మేవారు మాత్రం అయి ఉండరు.

పౌర్ణమి తెల్లవారుజామున బొయిత బందాణకు అరటి దొప్పల పడవల్లో దీపం పెట్టి జనం నీళ్ళలో వదిలారు. పూర్వం బాలీకి, జావాకు ఓడలెక్కి వెళ్ళిన వర్తకుల పేరు మీద. అప్పుడు తమరు మహా ఉత్సాహంగా లోపలికి ఎక్కుతున్నారు. వదిలిన పడవలు వదిలినట్టే తిరిగి వచ్చి వదిలినవారి పాదాలకే తగిలాయి. బాలీకి వెళ్ళవలసిన పడవను రమ్మనకుండానే ఇంటికి పంపారు, ఇంటికి రావలసిన పడవను బయటే ఆపారు. తమరి వివేకానికి నమస్కారం.

వేరే ఊళ్ళలో తమరు ఇలా ఉండరని విన్నాను. ఇదే ఒడిశాలో, బాలాసోర్ జిల్లా చాందీపూర్‌లో తమరు అయిదు కిలోమీటర్ల దాకా వెనక్కి వెళితే దాన్ని వింత అంటారు, చూడటానికి బస్సులు వేసుకుని వస్తారు. గుజరాత్‌లో భావ్‌నగర్ దగ్గర పది మీటర్ల పైచిలుకు ఎక్కి దిగుతారు. మా దగ్గర పౌర్ణమికి కూడా ఒకటిన్నర, రెండు మీటర్ల చుట్టుపక్కలే. ఆ కాస్తలోనే మా కొంప ముంచుతారు. గోపాల్‌పూర్ తీరంలో సెల్ఫీ దిగేవాళ్ళ చెప్పులు ఎత్తుకుపోవడం వంటి చిల్లర పనుల గురించి ఇక్కడ రాయను, అందులో నాకు కాస్త ఆనందం కూడా ఉంది.

చిలికా సంగతి మాత్రం అడగక తప్పదు. 1981లోనే దానికి ప్రపంచస్థాయి చిత్తడి నేలగా రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు వచ్చింది. తర్వాత మొగ పూడుకుపోయి, ఉప్పుదనం తగ్గి, నాచూ గడ్డీ పెరిగి, చేప తగ్గిపోయి 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి దగ్గరదారిగా కొత్త మొగ తవ్వారు. తమరు ఒక్కసారిగా లోపలికి నడిచారు. రోజుకు రెండుసార్లు ఉప్పునీరు మోశారు, చేప పిల్లల్నీ రొయ్య పిల్లల్నీ వెంటబెట్టుకు వచ్చారు. 2002 నాటికి ఆ జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు. ఎవరూ జీతం ఇవ్వకుండా, ఏ సమావేశమూ పెట్టకుండా రెండేళ్ళలో సరస్సును బతికించారు. అంటే పని రాదని తప్పించుకోవడానికి వీల్లేదు. మరి మా బాహుదా ఏ పాపం చేసింది? ఒడిశా కొండల్లో పుట్టి, ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రను పలకరించి, మళ్ళీ ఒడిశాకే వచ్చి సోనాపూర్ దగ్గర తమరిలో కలుస్తుంది. ఇంత మర్యాద తెలిసిన నది ఎక్కడైనా ఉందా? 1936లో ఈ జిల్లాను మద్రాసు నుంచి తీసి ఒడిశాలో కలిపినప్పటి నుంచి రెండు భాషల్లోనూ తమరిని బతిమాలుతున్నాం. రెండు భాషల్లోనూ తిడుతున్నాం. ఏ భాషలోనూ ఉలుకూ పలుకూ లేదు.

ఇక ఆ మధ్యాహ్నం జరిగిన అసలు విషయం.

మూడు గంటలవేళ పెద్ద వర్తకుడి మనిషి ఒకడు ఒడ్డు మీద నిలబడి ఫోనులో ఒక పడవవాళ్ళతో బేరం పెట్టాడు. ఇప్పుడే లోపలికి వస్తే కిలోకు ఇంత ఎక్కువ, పోటు వచ్చాక వస్తే ఆ మాట లేదు. పడవలో ఉన్నవాళ్ళు కుర్రవాళ్ళు. ఇంజను ఎత్తి, తెడ్లు వేసి, మేట మీదుగా రావాలని చూశారు. లోపలి నుంచి ఆటు నీరు బయటికి తోస్తోంది, బయటి నుంచి కెరటం లోపలికి తోస్తోంది. ఆ రెండూ ఢీకొనే చోట నీళ్ళు నిలువుగా లేస్తాయి. పడవ అడుగు ఇసుకకు తగిలి గిరుక్కున అడ్డం తిరిగింది. ఒక కెరటం దాని మీదుగా వెళ్ళింది. నలుగురు నీళ్ళలోకి దూకారు, ఒకడి చెయ్యి తాడులో చిక్కుకుంది. పరదా కింద నుంచి కానాగంతలు తెల్లగా మెరుస్తూ కుప్పలుగా జారిపోయాయి. తండేలు వల పారేసి నడుము లోతుకు పరుగెత్తాడు. వాళ్ళను లాగారు, ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. తాడు ఒరుసుకున్న ఆ కుర్రవాడి ముంజేతి మీద తోలు లేదు. వాడు ఏడవలేదు, "చేప పోయింది, చేప పోయింది" అంటూ నీళ్ళ వైపే చూస్తున్నాడు. ఫోను మనిషి అప్పటికే బండి ఎక్కాడు.

అప్పుడు ఎక్కడున్నావు నువ్వు?

అవును, నువ్వు అనే అంటున్నాను. మహారాజశ్రీ లేదు, తమరూ లేదు. రెండు మోకాళ్ళ లోతు నీరు, అంతే కదా మేము అడిగింది! నెలంతా ఊరు మధ్యలోకి వచ్చి పొర్లుతావు, తుపాను వస్తే దాని భుజమెక్కి ఇళ్ళ మీదికి వస్తావు. మా తీరంలోని పొదంపేటలో గోడలు ఒక్కొక్కటే మింగుతున్నప్పుడు కెరటాలను వీపు మీద మోసుకుని మరీ వచ్చావే, అప్పుడు ఆలస్యం కాలేదే? అక్కడివాళ్ళు కుండలూ మంచాలూ మోసుకుని లోపలికి తరలిపోతుంటే ఒక్క రోజైనా రెండు ఘడియలు ఆగావా?

ఇంకా అడుగుతాను. ఈ మొగ ఇంతలా ఎందుకు పూడింది? నీ వెనక్కీ ముందుకీ పరుగే ఇసుకను ఊడ్చేది. ఎంత నీరు లోపలికి వస్తే అంత నీరు తిరిగి వెళుతూ మేటను కోస్తుంది. లోపల నువ్వు పరుచుకునే పర్రలన్నీ గట్లు వేసి రొయ్యల చెరువులు చేశారు. నీకు చోటు సగమైంది, నీ బలమూ సగమైంది, ఇసుక మాత్రం తీరం వెంబడి ఎప్పటిలాగే వస్తోంది. పూడిక తీయిస్తామని ఎన్నికలకు ముందు వచ్చి ఒట్టు పెట్టినవారు, గెలిచాక "పోటు మన చేతిలో ఉందా?" అని నీ మీదికి నెట్టారు. గట్లు వేసినవాళ్ళ మీద లేవవు, ఒట్టు పెట్టినవాళ్ళ చొక్కా తడపవు. దొరికింది ఆ కుర్రవాడి చెయ్యి. సిగ్గు లేదా నీకు?

కాస్త నీళ్ళు తాగి వచ్చాను. కొనసాగిస్తున్నాను.

రాత్రి తమరు వచ్చారు. రావడం కూడా ఏమీ ఎరగనట్టు వచ్చారు. ముందు నురగ అంచు ఒకటి ఇసుక మీదికి పాకింది, తర్వాత పీతలు బొరియల్లోంచి బయటికి వచ్చాయి, తర్వాత ఒరిగి ఉన్న పడవ దానంతట అదే నిటారుగా లేచింది. సాయంత్రమంతా నలుగురు తోసినా కదలని దాన్ని ఒక్క వేలుతో ఎత్తినట్టు ఎత్తారు. మిగిలిన పడవలు వరుసగా లోపలికి వచ్చాయి. ఐసు సగమే మిగిలింది గనక కొంత సరుకు మెత్తబడింది, కొంత దక్కింది. తండేలు తన వాటాలోంచి ఒక వంజరం తీసి గాయపడ్డ కుర్రవాడి బుట్టలో వేశాడు. హుమ్మా ఉప్పుమళ్ళకు నీరు మోసేదీ, మా ఉట్టి మీద ఎండుచేప నిలవడానికి కారణమూ తమరేనని నాకు తెలుసు. చేప ఏ పోటుకు లోపలికి ఎక్కుతుందో చూసి వల కట్టే విద్య మా తాతలకు తమరే నేర్పారు. ఇవన్నీ మరచిపోయి మాట్లాడలేదు. గుర్తుండే మాట్లాడాను.

తెల్లవారాక లెక్కలు చూసుకుంటూ ఇంకో సంగతి గమనించాను. రోజూ 50 నిమిషాల చొప్పున జరుగుతూ జరుగుతూ పక్షం తిరిగేసరికి ఆ ఆలస్యం పన్నెండు గంటలు దాటుతుంది, అంటే పోటూ ఆటూ మళ్ళీ మొదటి వేళలకే వచ్చి నిలుస్తాయి. కాబట్టి మా తీరంలో ప్రతి పౌర్ణమికీ మధ్యాహ్నమే ఆటు. ఈ కార్తీకంలో అంతే, వచ్చే కార్తీకంలోనూ అంతే, మా మనవల ఛాడఖాయికీ అంతే. నెలంతా ఇష్టం వచ్చిన వేళకు తిరిగి, సరిగ్గా మా వ్యాపారం రోజుకు మాత్రం ఏ ఏడూ తప్పకుండా గైర్హాజరవుతారన్నమాట! ఇన్నాళ్ళూ దీన్ని ఆలస్యం అనుకుంటూ వచ్చాను.

మా ఆవిడ వచ్చే ఏడు ఛాడఖాయికి కోళ్ళు అమ్ముదామంటోంది. గంపలకు బయానా కూడా ఇచ్చేసింది. కోడికి చంద్రుడితో పని లేదట, ఐసుతో అంతకన్నా లేదట, తెల్లవారితే తనే కూసి లేపుతుందట.

ఇట్లు,
పట్టికలో పేరు లేని మొగ దగ్గర
తమరి కోసం ఎదురుచూసి విసిగిన,
కాబోయే కోళ్ళ వర్తకుడు.